నగదు వస్తే ‘జమ’ కదా, మరి డెబిట్ ఎలా అయింది?

ప్రశ్న: ఇంటర్మీడియట్‌లో వాణిజ్యశాస్త్రం చదువుతున్న మా అమ్మాయికి వచ్చిన సందేహం ఇది. కొట్టుకు డబ్బు వస్తే మా నాన్నగారు చిట్టాలో జమ కింద రాస్తారు. జమ అంటే క్రెడిట్ అని నిఘంటువు చెబుతోంది. పాఠ్యపుస్తకమేమో నగదు వస్తే డెబిట్ అంటోంది. ఎవరిది తప్పు?

జవాబు: ఎవరిదీ తప్పు కాదండీ. జమ అనగానే ‘ఎవరి పేర?’ అని అడగండి, చిక్కు విడిపోతుంది.

పాత పద్ధతి చిట్టాలో ఒక పుట తీయండి. పైన శ్రీకారం, తేదీ. ఎడమ సగం జమ, కుడి సగం ఖర్చు. ఎడమన మొదటి పద్దు నిన్నటి నిల్వ. బాకీ ఉన్న రామయ్య 500 రూపాయలు తెచ్చి ఇస్తే దాని కింద ‘రామయ్య జమ 500’ అని పడుతుంది. గుమాస్తా రాస్తున్నది గల్లాపెట్టె గురించి కాదు, రామయ్య గురించి. తర్వాత ఆవర్జాలో, అంటే ఒక్కొక్కరి ఖాతా విడివిడిగా ఉండే పుస్తకంలో, రామయ్య ఖాతా తీసి అక్కడా జమకే ఎక్కిస్తాడు. ఆ మేరకు బాకీ తగ్గుతుంది. నగదుకు విడిగా ఖాతా అక్కరలేదు, చిట్టాయే నగదు ఖాతా. రాత్రి జమ వెరసిలోంచి ఖర్చు వెరసి తీసివేస్తే మిగిలేది పెట్టెలోని రొక్కంతో పైసాతో సహా సరిపోవాలి.

పాఠ్యపుస్తకం నేర్పే జంటపద్దు విధానంలో, అంటే ప్రతి లావాదేవీని రెండు ఖాతాల్లో రాసే పద్ధతిలో, అదే 500 రెండు చోట్ల కనిపిస్తుంది: నగదు ఖాతాకు డెబిట్, ఇచ్చిన రామయ్య ఖాతాకు క్రెడిట్. పుస్తకం మొదటిది చెబుతోంది, మీ నాన్నగారి చిట్టా రెండోది చెబుతోంది. పైగా ఖాతాలో డెబిట్ వైపు కూడా ఎడమే కాబట్టి, రెండు పద్ధతుల్లోనూ వచ్చిన నగదు ఎడమవైపే పడుతుంది. పిల్లలు తికమకపడేది అందుకే.

మరొకరు: ‘మీ ఖాతాలో జమ అయింది’ అని బ్యాంకు సందేశం పంపుతుంది. డబ్బు వచ్చింది నాకు కదా?

జవాబు: ఖాతా మీ పేర ఉన్నా పుస్తకం బ్యాంకుది. మీ సొమ్ముకు వారు మీకు బాకీ, అందుకే జమ. మీ సొంత లెక్కల్లో మాత్రం బ్యాంకు ఖాతాకు డెబిట్ రాసుకోవాలి. ఈ రెండింటినీ ఎదురెదురుగా పెట్టి తేడా తేల్చేదే బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక. చిన్న వ్యాపారులు దీన్ని వదిలేస్తుంటారు. దయచేసి వదలకండి, మీరు ఇచ్చినా బ్యాంకుకు ఇంకా చేరని చెక్కు బయటపడేది ఇక్కడే.

ఇంకొకరు: జమాబందిలోని జమ కూడా ఇదేనా?

జవాబు: మూలం ఒకటే. అరబ్బీలో దానికి పోగుచేయడం అని అర్థం. కొట్టు చిట్టాలో జమ వచ్చిన డబ్బు. రెవెన్యూ లెక్కల్లో మాత్రం ప్రభుత్వానికి రావలసిన శిస్తు. ఏటా గ్రామ లెక్కలు తనిఖీ చేసి దాన్ని ఖరారు చేయడమే జమాబంది.