ఆరు నెలలకో సూది వస్తుంటే ఇంకా పీర్ ఎడ్యుకేటర్లు ఎందుకు?

ఫార్మాబాయ్:
లెనకపవిర్ గురించి వినే ఉంటారు. ఆరు నెలలకోసారి సూది వేయించుకుంటే హెచ్‌ఐవీ సోకకుండా దాదాపు పూర్తిగా ఆపుతుంది. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో రెండు వేలకు పైగా యువతులకు వేసి చూస్తే ఒక్కరికి కూడా సోకలేదని 2024లో తేలింది. మన హైదరాబాద్ కంపెనీలే, డాక్టర్ రెడ్డీస్, హెటెరో, 2027 నుంచి దీని జనరిక్‌ని ఏడాదికి సుమారు 40 డాలర్లకే ఇస్తామని ప్రకటించాయి. అలాంటప్పుడు టీఐ ప్రాజెక్టులని (ముప్పు ఎక్కువున్నవాళ్ల మధ్య నడిచే హెచ్‌ఐవీ నివారణ ప్రాజెక్టులు), పీర్లని (వాళ్లలోంచే తీసుకున్న కార్యకర్తలు), బస్టాండ్ దగ్గర నిరోధ్ ప్యాకెట్లు పంచడమని, వీధి నాటకాలని ఇంకెన్నాళ్లు? ముప్పై ఏళ్లుగా చెప్తూనే ఉన్నాం. వినాల్సినవాళ్లు విన్నారు, విననివాళ్లు ఇక వినరు. ఆ డబ్బుతో మందు కొనండి. తిట్టేవాళ్లు కారణం చెప్పి తిట్టండి.

గోదారిగట్టు:
తిట్టను బ్రదర్. కానీ పీర్ అంటే ప్యాకెట్లు పంచే మనిషి అనుకున్నావు చూడు, తేడా అక్కడే. నేను కొన్నేళ్లు గోదావరి జిల్లాల్లో ఒక టీఐలో ఔట్‌రీచ్ వర్కర్‌గా చేశాను. సుమారు 60 మంది సెక్స్ వర్కర్లకు ఒక పీర్, ఆ పీర్ కూడా అదే పనిలో ఉన్న ఆవిడే. ఏ లాడ్జి మేనేజర్ మంచోడు, ఏ ఆటో అతను బేరాలు తెస్తాడు, ఏ స్టేషన్ వాళ్లు ఈ నెల కేసుల కోసం తిరుగుతున్నారు, ఇవన్నీ ఆవిడకి తెలుసు, నాకు తెలీదు. నిరోధ్ వాడాలని తెలియనివాళ్లు అప్పటికే తక్కువ. తాగొచ్చినవాడు రెట్టింపు డబ్బిస్తా, అది మాత్రం వద్దు అంటే ఏం చేయాలి? బ్యాగులో ప్యాకెట్లు దొరికాయని, అదే సాక్ష్యమని పోలీసులు కేసు రాస్తామంటే ఏం చేయాలి? కండోమ్‌ని నేరానికి సాక్ష్యంగా చూడకూడదని సుప్రీంకోర్టు ఆదేశాల్లోకి ఎక్కింది 2022 మేలో. అంతవరకూ స్టేషన్ మెట్లెక్కి మాట్లాడుకున్నది ఈ పీర్లు, వాళ్ల సంఘాలే.

ఇంకోటి. విటుల దగ్గర వాడతారు, మొగుడి దగ్గరో కలిసి ఉంటున్నవాడి దగ్గరో వాడరు. వాడమంటే "నన్నూ వాళ్లలో కలిపేశావా" అంటాడు. ఈ సంగతి ఏ డాక్టర్ ముందూ బయటికి రాదు.

లెక్కలమాస్టారు:
కథలు బాగున్నాయండీ, రుజువేది? ఆంధ్రతో కలిపి ఆరు రాష్ట్రాల్లో గేట్స్ ఫౌండేషన్ 2003లో అవాహన్ అనే హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది. మొదటి ఐదేళ్లలో దాని వల్ల లక్ష మందికి సోకకుండా ఆగిందని 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. అది అంచనా. గర్భిణుల రక్త పరీక్షల వివరాల మీద మోడల్ కట్టి తీసింది. అదే కాలంలో ప్రభుత్వ కార్యక్రమమూ నడుస్తోంది, 2004 నుంచి ఏఆర్‌టీ మందులు, అంటే సోకినవాళ్లలో వైరస్‌ని అణచిపెట్టేవి, ఉచితంగా వచ్చాయి. ఎవరి వల్ల ఎంత తగ్గిందో విడదీసేదెలా? పైగా 2023 అంచనాల్లో హెచ్‌ఐవీ దేశ సగటు 0.20 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 0.62, తెలంగాణలో 0.44. ఇంత పని జరిగిన చోట ఇంకా రెండు మూడు రెట్లేంటి?

గోదారిగట్టు:
అవాహన్ వదిలేయండి, కోల్‌కతాలో సెక్స్ వర్కర్లుండే సోనాగాచీ చూడండి. 1992లో డాక్టర్ స్మరజిత్ జానా అక్కడి సెక్స్ వర్కర్లనే పీర్లుగా పెట్టుకుని పని మొదలుపెట్టారు. ఆ దశాబ్దం చివరికి ముంబై సెక్స్ వర్కర్లలో సగం మందికి సోకింది, సోనాగాచీలో పది శాతం దగ్గరే ఆగింది. ఇదీ పూర్తి రుజువు కాదంటారేమో. అయినా చూడదగ్గ తేడా.

కౌన్సెలర్‌అక్క:
మాస్టారూ, ఆ 0.62 కొత్తగా సోకినవాళ్ల లెక్క కాదు, పాజిటివ్‌గా బతికి ఉన్నవాళ్లందరి లెక్క. మందులు వాడి బతుకుతున్నారు కాబట్టి అది గబుక్కున పడిపోదు.

ఫార్మాబాయ్, మందుంటే చాలంటున్నావు. ఏఆర్‌టీ మందు ఉచితంగానే ఉంది కదా, 2017 నుంచి పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ, సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) ఎంతున్నా. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, పరీక్షలో కనపడనంత తగ్గి అలాగే నిలబడితే భాగస్వామికి సోకదని పెద్ద అధ్యయనాలే తేల్చాయి. అయినా మానేసేవాళ్లున్నారు. ఒంట్లో బాగైపోయిందని మానేస్తారు. అత్తగారింట్లో డబ్బా ఎక్కడ దాచాలో తెలియక మానేస్తారు. మిరప కోతలకని వేరే జిల్లా వెళ్తారు, అక్కడ మాత్రలు అయిపోతాయి. తెలిసినవాళ్లు కనపడతారని దగ్గర్లో ఉన్న సెంటర్ వదిలేసి రెండు బస్సులు మారి మా దగ్గరికొస్తారు, ఇచ్చే ఫోన్ నంబర్ కూడా తప్పుదే. వీళ్లని వెతికి పట్టుకునేది అదే మందు ఏళ్లుగా మింగుతున్న ఇంకో పాజిటివ్ మనిషి. ఆవిడ ఇంటికెళ్తే చుట్టం వచ్చినట్టు ఉంటుంది, నేను వెళ్తే వీధంతా చూస్తుంది.

ఫార్మాబాయ్:
అక్కా, ఆ పని ఆశా వర్కర్లు చేయొచ్చుగా? ప్రతి ఊళ్లో ఉన్నారు.

కౌన్సెలర్‌అక్క:
ఆశా అదే ఊరి కోడలు, చిక్కంతా అదే. ఒకరి హెచ్‌ఐవీ సంగతి వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017 చట్టం చెప్తుంది, 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో కూడా ఉంది. సరే, నలుగురిలో నోరు జారితే ఎవరెళ్లి కేసు పెడతారు? పెడితే ఊరంతటికీ తెలుస్తుంది. గర్భిణులకు పరీక్ష చేయించడం ఆశాలు బాగా చేస్తారు, అందులో మాట లేదు.

నేనూపీర్‌నే:
మా తరఫున అందరూ మాట్లాడేస్తున్నారు, నేనూ ఓ మాట చెప్తా. మగవాళ్లతో ఉండే మగవాళ్లలో పని చేస్తాను. ఒకప్పుడు మావాళ్లు కలుసుకునే చోట్ల మ్యాప్ (హాట్‌స్పాట్ మ్యాప్ అంటారు) గీసి పార్కు, స్టేషన్ వెనక సందు అని గుర్తులు పెట్టేవాళ్లం, ఇప్పుడు కుర్రాళ్లు పార్కుకి రారు, యాప్‌లో కలుస్తారు. నా రిపోర్టులో మాత్రం పార్కుకి ఎన్నిసార్లు వెళ్లావు, ఎంతమందిని కలిశావు అనే గడులే. అర్ధరాత్రి ఎవడో "కండోమ్ చిరిగింది, టెన్షన్‌గా ఉంది" అని మెసేజ్ పెడితే గంట మాట్లాడి, సోకకుండా 72 గంటల్లో మొదలుపెట్టాల్సిన మందు కోసం పొద్దున్నే ఆస్పత్రికి తీసుకెళ్తే అది ఏ గడిలోనూ పట్టదు. గౌరవవేతనం ఎప్పుడొస్తుందో మాకే తెలీదు, అది వేరే గొడవ.

సూదే కావాలన్నా ముందు పరీక్ష చేయించుకుని నెగెటివ్ అని తేలాలి, ఆరు నెలలకి మళ్లీ రావాలి. ఈలోగా సిమ్ మారుస్తాడు, రూమ్ మారుస్తాడు, ఇంట్లోవాళ్లు పెళ్లి చేసేస్తారు. ఆ సూది సిఫిలిస్‌ని ఆపదు కూడా. అది పాజిటివ్‌ల సూది అని ఒక్క పుకారు పుట్టిందంటే మావాళ్లెవరూ ఆ గది వైపు కూడా రారు.

లెక్కలమాస్టారు:
అయితే గడులు మార్చమనండి. ఎంతమందిని పరీక్షకి తెచ్చారు, మానేసినవాళ్లలో ఎంతమంది తిరిగొచ్చారు, దాన్ని బట్టి డబ్బివ్వాలి.

గోదారిగట్టు:
తలకింత అని పెడితే టార్గెట్ నిండడానికి, వచ్చినవాళ్లనే మళ్లీ మళ్లీ తెస్తారు మాస్టారూ. మేం చూశాం. నెల జీతం సరిగ్గా ఇచ్చి, తర్వాత లెక్క అడగండి.

ఫార్మాబాయ్:
సూది విషయంలో నా మాట మారదు, వచ్చిన రోజే ప్రభుత్వం కొనాలి. పీర్లని ఉంచండి, పోనీ. వీధి నాటకాలు, గోడరాతలు, డిసెంబర్ 1 ఎయిడ్స్ దినం ర్యాలీలు ఆపేసి ఆ డబ్బు వాళ్లకివ్వండి. దీనికైనా ఒప్పుకుంటారా?

నేనూపీర్‌నే:
ఆ ర్యాలీలో నడిచేది కూడా మేమే అన్నా. టోపీలకి డబ్బులు వెంటనే శాంక్షన్ అవుతాయి, మాకు బస్ ఛార్జీ బిల్లు పెడితే మూడు సంతకాలు కావాలి.