బాండికూట్ మనదే, బంగళా కాదు

ఇంగ్లీషులో ‘బి’తో మొదలయ్యే మాటల్లో చాలాభాగం తెలుగు నుంచే వెళ్ళాయంటూ ఒక జాబితా మన చెన్నై గ్రూపులన్నిటిలో తిరుగుతోంది. బ్రదర్, బైండ్, బ్యాడ్, బాయ్, బంగళా, బ్యాంగిల్, బండానా, బనియన్, బ్రింజాల్, బత్తా, బాండికూట్. కింద ‘గర్వంగా షేర్ చేయండి’ అని కూడా ఉంది. మొత్తం కొట్టిపారేయడానికి లేదు, ఎందుకంటే అందులో ఒకటి నిజంగా మనదే. మిగతావాటిలో చుట్టరికాలు, అప్పులు, ఉత్త పోలికలు అన్నీ కలగలిసిపోయాయి. వాటిని విడదీద్దామని ఈ పోస్టు.

ముందు మనదాని సంగతి. బాండికూట్ అంటే పందికొక్కే. యూల్, బర్నెల్ కలిసి తయారుచేసి 1886లో అచ్చయిన ‘హాబ్సన్ జాబ్సన్’ అనే ఆంగ్లో ఇండియన్ మాటల నిఘంటువులో ఇది తెలుగు మాట అని స్పష్టంగా ఉంది. బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసు మనిషి, తంజావూరులో జడ్జిగా చేసినవాడు, దక్షిణాది భాషలు చదువుకున్నవాడు. ఇదే జంతువుని ఇక్కడి తమిళులు పెరుచ్చాళి అంటారు, కన్నడిగులు హెగ్గణ అంటారు. ఆ రెండింటిలో దేన్ని ఎంత వంకర తిప్పినా బాండికూట్ రాదు. జంతుశాస్త్రం వాళ్ళు కూడా మన మాటకే లాటిన్ తోక తగిలించి, ఈ ఎలుకల ప్రజాతికి బాండికోటా అని పేరు పెట్టారు.

మరి ‘ప’ కాస్తా ‘బ’ ఎందుకైంది? ఇంగ్లీషువాళ్ళు మాట మొదట్లో ‘పి’ పలికితే దాంతోపాటు కొంచెం గాలి బయటికొస్తుంది. అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని వాళ్ళలాగా ‘పెన్’ అని చూడండి, తెలుస్తుంది. మన ‘పంది’లో ఆ గాలి లేదు. గాలి లేని ‘ప’ వాళ్ళ చెవికి ‘బ’లా వినిపిస్తుంది. తమిళ లిపిలోనైతే ఈ గొడవే లేదు, ప అయినా బ అయినా రాసేది ఒకటే అక్షరం. మా వీధిలో ‘బాబు’ అనే కుర్రాడి పేరు తమిళ బోర్డు మీద చూసి, కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు ‘పాపు’ అని చదువుతుంటారు.

ఇక్కడితో ఆగితే ఇది మామూలు కథే. ఈ ఎలుక పేరు ఓడెక్కి ఆస్ట్రేలియా వెళ్ళింది. అక్కడ పొడుగు మూతితో నేల తవ్వుకునే ఒక చిన్న జంతువుని చూసి, ఇండియా మాట తెలిసిన ఇంగ్లీషువాళ్ళు దాన్నీ బాండికూట్ అన్నారు. అది ఎలుక జాతే కాదు, కంగారూలాగా సంచిలో పిల్లల్ని పెంచే జీవి. ఆ సంచి మూతి కూడా వెనక్కి తిరిగి ఉంటుంది, తవ్వేటప్పుడు మట్టి లోపల పడకుండా. ఈ రోజు ప్రపంచంలో ఎక్కువమంది బాండికూట్ అనగానే తలుచుకునేది దాన్నే. తెలుగు పేరు ఆస్ట్రేలియా జంతువు మీద స్థిరపడిపోయింది, అసలు హక్కుదారు మన కాలవల్లో తిరుగుతోంది.

అక్కడివాళ్ళు దాన్ని క్రియగా కూడా వాడతారు. పైన మొక్క పచ్చగా నిలబడే ఉండాలి, కింద బంగాళాదుంపలు మాత్రం మాయమవ్వాలి. ఇలా దొంగతనంగా తవ్వుకుపోవడాన్ని ‘బాండికూట్’ చేయడం అంటారు. మన పత్రికల్లో ‘ప్రజాధనాన్ని పందికొక్కుల్లా బొక్కుతున్నారు’ అని రాస్తారు. తమిళ పేపర్లలో ‘ఊళల్ పెరుచ్చాళి’ అంటే అవినీతిపరుడే. ఆస్ట్రేలియా జంతువు వేరైనా, దొంగ బుద్ధి మాత్రం పేరుతోపాటే వెళ్ళినట్టుంది!

ఇక బ్రదర్ వరస. భ్రాతలోంచి బ్రదర్ పుట్టిందనడం తప్పు, బ్రదర్‌లోంచి భ్రాత పుట్టిందనడమూ తప్పు. రెండూ ఒకే పాత భాష నుంచి విడివిడిగా దిగొచ్చిన మాటలు. సంస్కృతంలో ‘భ’ ఉన్నచోట ఇంగ్లీషులో ‘బి’ ఉంటుంది, ఒకసారి రెండుసార్లు కాదు, వరసగా. భ్రాతకి బ్రదర్, కనుబొమ ‘భ్రూ’కి బ్రౌ, భవించడంలోని ‘భూ’కి బీ, భరించడంలోని ‘భృ’కి బేర్. ఇలా క్రమం తప్పకుండా జరిగితేనే చుట్టరికం అంటారు. హోటల్లో టిఫిన్ తెచ్చే బేరర్‌కీ, భర్తకీ, భారానికీ మూలం ఒకటేనంటే వినడానికి తమాషాగా ఉంటుంది గానీ నిజమే.

బ్యాడ్‌ది దీనికి పూర్తిగా ఎదురు. పారశీకంలో ‘బద్’ అంటే చెడ్డ. అది మనకి బద్మాష్‌లో, బద్నామ్‌లో దొరుకుతుంది. ఇంగ్లీషు బ్యాడ్‌కి అర్థమూ అదే, పలుకూ దాదాపు అదే. అయినా వాటికి ఏ సంబంధమూ లేదు, కాకతాళీయం. భాషాశాస్త్రం పాఠాల్లో మోసపోకండి అని చూపించే ఉదాహరణ ఇదే.

బాయ్ గురించి. పల్లకీ మోసే బోయీల నుంచి బాయ్ వచ్చిందట. 1639లో ఈస్టిండియా కంపెనీకి ఇక్కడ జాగా దొరికేనాటికే ఇంగ్లండులో బాయ్ అనే మాట మూడు వందల ఏళ్ళకు పైగా వాడుకలో ఉంది. అయితే మద్రాసు దొరలు పల్లకీ వాళ్ళని ‘బాయ్స్’ అని పిలిచేటప్పుడు అది వాళ్ళ బాయో, మన బోయీయో చెప్పడం కష్టం. రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. హాబ్సన్ జాబ్సన్ కూడా అక్కడ రెండు అర్థాలు విడివిడిగా ఇచ్చింది.

మిగతావి చకచకా. బంగళా అంటే బెంగాల్ తరహా ఇల్లు, మనకీ ఇంగ్లీషుకీ ఉత్తరాది నుంచే వచ్చింది. మనకి బంగళా అంటే కలిగినవాళ్ళ పెద్ద ఇల్లు, ఇంగ్లండులో మేడ లేని ఇల్లు. బ్యాంగిల్, బండానా హిందీవి. బ్రింజాల్ పోర్చుగీసు. బనియన్ గుజరాతీ.

చర్చ

వేళచ్చేరి: మాస్టారూ, మా వాడు ఆడే క్రాష్ బాండికూట్ గేమ్‌లో ఉండేది పందికొక్కే అంటే వాడు నమ్మట్లేదు. గూగుల్ చూపించి నన్నే దబాయిస్తున్నాడు.

పోస్టు రాసినవారు: మీ వాడిదే కరెక్టండీ. 1996లో వచ్చిన ఆ గేమ్‌లోది ఆస్ట్రేలియా జంతువు, పేరు మాత్రం మనది. మురుగు మ్యాన్‌హోల్‌లోకి మనుషుల్ని దించకుండా శుభ్రం చేసే రోబోకి కేరళలో బాండికూట్ అని పేరు పెట్టారు చూడండి, ఆ పేరు అచ్చంగా మన కాలవ పందికొక్కుదే.

పెరంబూరు: పందికొక్కు బందికొక్కు కావడానికి గాలీ అదీ ఎందుకండీ? ద్రుతం మీద పరుషానికి సరళం వస్తుంది కదా. ‘చూచెను బందికొక్కును’. చిన్నయసూరి పనిచేసిన ఊళ్ళో ఉంటూ సంధి మరిచిపోతే ఎలా?

పోస్టు రాసినవారు: సార్, సూత్రం సరిగ్గానే ఉంది. కానీ గోడౌన్‌లో బియ్యం బస్తాలు కొరికిన జంతువు పేరు దొరకి చెప్పిన కూలీ, సరళాదేశం చేసి చెప్పి ఉంటాడంటారా? కావ్యభాషలో బతికే సంధి అది. ఇంకో ఆధారం ఉంది. పల్లకీ ఇంగ్లీషులో ‘ప’గానే నిలిచింది, పాలంక్విన్. అది పోర్చుగీసువాళ్ళ నోటి మీదుగా వెళ్ళింది, వాళ్ళ ‘ప’లో కూడా మనలాగే గాలి ఉండదు. అందుకే చెడలేదు.

టీ నగర్: అన్నయ్యగారూ, బైండ్‌కీ బంధానికీ చుట్టరికం ఉందని చదివాను. మీ లెక్కలో సంస్కృతంలో ‘భ’ ఉండాలి కదా? బంధంలో ఒత్తు లేదేం?

పోస్టు రాసినవారు: చాలా మంచి ప్రశ్నమ్మా. ఒకప్పుడు ఉండేది, ‘భంధ్’ లాంటిది. ఒకే ధాతువులో రెండు ఒత్తులు పడితే సంస్కృతం మొదటిదాన్ని వదిలేస్తుంది. భ పోయి బ మిగిలింది, చివరి ‘ధ’ అలాగే ఉంది. బుధ్ కూడా అంతే, బోధ అంటున్నాం గానీ భోధ అనడం లేదు. ఇంగ్లీషులో దాని దాయాది బోడ్, ఫోర్‌బోడ్‌లో ఉన్నది. ఈ సూత్రం 1863లో చెప్పినవాడు గ్రాస్‌మన్ అనే జర్మన్, ఆయన అసలు లెక్కల మనిషి. బండానా వచ్చింది కూడా ఈ బంధ్ నుంచే, గుడ్డని ముడులు కట్టి రంగులో ముంచే పద్ధతి పేరు అది. అంటే ఇంగ్లీషులో బైండ్ వాళ్ళ తాతల ఆస్తి, బండానా మన బజారులో కొన్నది.

రాయపురం: ఇన్ని తెలిసినవారు మన భాష గొప్ప గురించి నలుగురికీ చెప్పాలి గానీ, ఉన్న జాబితా చింపడం ఏమిటండీ? తమిళవాళ్ళు చూడండి, ప్రతి మాటా మాదే అంటారు.

పోస్టు రాసినవారు: గొప్ప కావాలంటే నుంగంబాకం కాలేజీ రోడ్డు దాకా వెళ్ళండి సార్. ఆ కాలేజీ అంటే 1812లో పెట్టిన ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీ. మద్రాసు కలెక్టరు ఎల్లిస్ 1816లో క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందు ఒక వ్యాసం చేర్చాడు. తెలుగు సంస్కృతంలోంచి పుట్టలేదు, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబం అని ధాతువులు పక్కపక్కన పెట్టి చూపించాడు. అందుకు ఆ కాలేజీ పండితుడు వేదం పట్టాభిరామశాస్త్రి కూర్చిన ధాతుమాల పనికొచ్చింది. ద్రావిడ భాషల్ని పోల్చి కాల్డ్‌వెల్ రాసిన వ్యాకరణం రావడానికి ఇంకా నలభై ఏళ్ళుంది. ద్రావిడ కుటుంబం అనే మాట మీద మొదటి రుజువు తెలుగు వ్యాకరణం పుస్తకంలో అచ్చయింది, అదీ ఈ ఊళ్ళోనే. మీ జాబితా బ్రదర్ తెలుగు మాట అనేసరికి ఎల్లిస్ చేసిన పనంతా వెనక్కి తిప్పినట్టవుతోంది.

రాయపురం: ఎల్లిస్ సంగతి బాగుంది. అయినా బంగళా వదులుకోబుద్ధి కావడం లేదు.

అడయార్: బనియన్ గుజరాతీ అన్నారు, లోపల వేసుకునేదా, చెట్టా?

పోస్టు రాసినవారు: రెండూ అక్కడివేనండీ. గుజరాతీలో వాణియో అంటే వర్తకుడు, మన వాణిజ్యంలో ఉన్న మాటే. పర్షియా సింధుశాఖ ఒడ్డున ఈ వర్తకులు ఒక మర్రి నీడన చేరి పూజలు చేసుకునేవారు, దాన్ని చూసినవాళ్ళు బనియన్ చెట్టు అన్నారు. వాళ్ళు తొడుక్కున్న వదులు అంగీ పేరు చివరికి మన లోచొక్కాకి దిగింది. వాళ్ళు శాకాహారులు కాబట్టి ఇంగ్లీషు నౌకల్లో మాంసం వడ్డించని రోజుని ‘బనియన్ డే’ అనేవారు. మీ ఇంటి దగ్గర దివ్యజ్ఞాన సమాజం తోటలో ఉన్న పెద్ద మర్రి 1989 గాలివానలో మొదలు కూలినా ఊడల మీద నిలబడింది కదా, దానికీ మీ బనియనుకీ పేరు ఒకటే అన్నమాట.

అణ్ణానగర్: మా అమ్మాయి లండన్ షాపులో బ్రింజాల్ అంటే అయోమయంగా చూశారట. ఇది తప్పు ఇంగ్లీషా?

పోస్టు రాసినవారు: తప్పు కాదు, మన వైపు ఇంగ్లీషు. అక్కడ ఆబర్జీన్ అని అడగాలి, అమెరికాలో ఎగ్‌ప్లాంట్. తమాషా ఏమిటంటే బ్రింజాల్, ఆబర్జీన్ రెండూ అరబ్బీ ‘బాదింజాన్’ పిల్లలే. ఒకటి పోర్చుగీసు ఓడలో మన దగ్గరికొచ్చింది, ఇంకోటి స్పెయిన్, ఫ్రాన్సుల మీదుగా లండన్ చేరింది. ఎగ్‌ప్లాంట్ వేరే, గుడ్డులా తెల్లగా ఉండే వంకాయని చూసి పెట్టిన పేరు.

కోయంబేడు: సార్, మాది ట్రావెల్స్. తిరుపతి ట్రిప్పు బిల్లులో ‘డ్రైవర్ బత్తా’ అని రోజూ రాస్తాం. మీరు బత్తా గురించి ఏమీ చెప్పకుండా దాటేశారు.

పోస్టు రాసినవారు: దాటేయలేదండీ, అది చిక్కు మాట కాబట్టి ఆపాను. సైన్యంలో ఊరు దాటి వెళ్ళినవాళ్ళకి ఇచ్చే అదనపు డబ్బు బత్తా. 1766లో క్లైవు బెంగాల్‌లో రెట్టింపు బత్తా ఆపేస్తే ఇంగ్లీషు ఆఫీసర్లే మూకుమ్మడి రాజీనామాలకి దిగారు. కన్నడంలో భత్త అంటే వడ్లు, ఉత్తరాదిలో భాత్ అంటే అన్నం, కాబట్టి తిండి ఖర్చు అనే అర్థం బాగా అతుకుతుంది. హాబ్సన్ జాబ్సన్ మొగ్గు కూడా అటే. మన ‘కరువు భత్యం’లోని భత్యాన్ని కొందరు భృతితో కలుపుతారు. అలాగైతే అది బేరర్‌కి దాయాది అవుతుంది, అన్నంతో పని ఉండదు. నాకైతే అన్నం వైపే న్యాయం కనిపిస్తోంది. డ్రైవరుకి ఇచ్చేది భోజనానికే కదా.

వడపళని: అన్నా, సినిమా షూటింగుల్లో మేం అనేది ‘బేటా’. తమిళ యూనిట్లలోనూ అదే మాట. జీతం ఎప్పుడిచ్చినా ఫర్వాలేదు గానీ బేటా ఆ రోజే చేతిలో పడాలి, లేకపోతే టెన్షనే. అది ఇదేనా?

పోస్టు రాసినవారు: ఇదే అనుకుంటున్నాను తమ్ముడూ. బత్తాని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, దాన్ని మళ్ళీ ఇంగ్లీషు పద్ధతిలో చదివితే బేటా అయ్యే అవకాశం ఉంది. తేల్చాలంటే కాగితం కావాలి. తెలుగు సినిమా ఇక్కడే ఉన్న రోజుల్లో ప్రొడక్షన్ పని చేసిన పెద్దవాళ్ళు గ్రూపులో ఉంటే, పాత వోచర్ల మీద తెలుగులో ఏమని రాసేవారో చెప్పండి. ఫొటో దొరికితే పేర్లూ సంతకాలూ కనబడకుండా పెట్టండి.