ఆల్పైన్ బోర్డు మీద కార్వింగ్: బైండింగ్ యాంగిల్స్, స్టాన్స్ ఇంట్లోనే ఎలా సెట్ చేసుకోవాలి?

కోట_జంక్షన్ (విజయనగరం)
అందరికీ నమస్కారం. మా బావ కెనడా నుంచి వచ్చేస్తూ తన పాత ఆల్పైన్ బోర్డు (మంచు మీద పక్కకు వాలి మలుపులు తిరగడానికి, అంటే కార్వింగ్‌కు వాడే సన్నటి స్నోబోర్డు), ఎఫ్2 కంపెనీ ప్లేట్ బైండింగ్స్ (బూట్లను బోర్డుకు పట్టి ఉంచేవి), గట్టి ప్లాస్టిక్ హార్డ్ బూట్లు నాకిచ్చేశాడు. బోర్డు పొడవు 163, నడుము దగ్గర వెడల్పు 20 సెంటీమీటర్లు. బూట్ 26.5, అదృష్టం కొద్దీ ఇద్దరిదీ ఒకటే సైజు. కానీ ఆయన నాకన్నా బాగా పొడుగు, పైగా బైండింగ్స్ విప్పేసి సంచిలో వేసి ఇచ్చాడు. ఇప్పటిదాకా నేను గుల్‌మార్గ్‌లో అద్దె బోర్డు మీద సాఫ్ట్ బూట్లతోనే నేర్చుకున్నాను. ఫిబ్రవరిలో మళ్లీ వెళ్తున్నాం. యాంగిల్ ఎంత పెట్టాలి? కాళ్ల మధ్య దూరం, అదే స్టాన్స్, ఎంత? బైండింగ్స్‌తో పాటు ఇచ్చిన ఆ ప్లాస్టిక్ వెడ్జ్‌లు (ఒకవైపు ఎత్తుగా ఉండే ముక్కలు) ఎందుకు? ఈ బూట్లేసుకుని డాబా మీద నిలబడితే మా నాయనమ్మ "ఏటయిపోనాది ఈడికి" అంటోంది.

చీపురుపల్లి_టు_డెన్వర్
తమ్ముడూ, యాంగిల్, అంటే బోర్డుకు అడ్డంగా ఉండే పాదాన్ని ముందుకు ఎంత తిప్పాలన్నది, మన ఇష్టాన్ని బట్టి పెట్టేది కాదు. బోర్డు వెడల్పు, బూట్ పొడవు కలిసి దాన్ని తేలుస్తాయి. నీ బూట్ అడుగు దాదాపు 30 సెంటీమీటర్లు ఉంటుంది, బోర్డు 20. అడ్డంగా పెడితే బూట్ మొనో (వేళ్ల వైపు కొస) మడమో బయటికి పొడుచుకొస్తుంది. మామూలు బోర్డు మీద కొంచెం వచ్చినా నడిచిపోతుంది. కార్వింగ్‌లో బోర్డు బాగా పక్కకు వాలుతుంది. ఆ వాలులో బూట్ మంచుకు తగిలిందంటే ఎడ్జ్ (బోర్డు పక్కనుండే లోహపు అంచు) పట్టు వదిలేస్తుంది, మనిషి మంచు మీద పడి జారుకుంటూ పోతాడు. అందుకే మొన, మడమ రెండూ ఎడ్జ్‌కు సరిగ్గా పైన, లేదా కాస్త లోపలికి ఉండాలి.

మొదట బూట్‌ను బైండింగ్ మధ్యకు తెచ్చుకో. చాలా బూట్ల అడుగున పక్కగా మధ్య గీత ఉంటుంది, అది డిస్క్ (బైండింగ్‌ను బోర్డుకు బిగించే గుండ్రటి బిళ్ల) మధ్యకు రావాలి. బూట్‌ను పట్టే కమ్మీలుంటాయి, వాటినే బెయిల్ అంటారు; ముందు బెయిల్, వెనక బెయిల్ జరిపి అలా చెయ్యి. తర్వాత బూట్ బిగించి, డిస్క్ వదులుగా ఉంచి, వడ్రంగి మూలమట్టం ఎడ్జ్‌కు ఆనించి నిలువుగా పట్టుకో. మొన మూలమట్టాన్ని దాటి రాకుండా బైండింగ్ తిప్పుతూ పో. మడమ వైపూ అంతే. నీ కొలతలకు 52 నుంచి 57 మధ్య ఎక్కడో తేలుతుందని నా అంచనా. వెనక కాలు దానికన్నా 3 డిగ్రీలు తక్కువ పెట్టి మొదలుపెట్టు. తేడా మరీ ఎక్కువైతే వెనక మోకాలు మెలితిరుగుతుంది.

కోట_జంక్షన్
యూట్యూబ్‌లో ఒక రేసర్ ముందు 65, వెనక 60 అంటున్నాడు. అదే పెట్టేస్తే బూట్ తగిలే టెన్షనే ఉండదు కదా అన్నా?

చీపురుపల్లి_టు_డెన్వర్
వాళ్ల బోర్డు నీదానికన్నా సన్నంగా ఉంటుంది, అందుకని ఆ అంకె. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో ఎస్టర్ లెడెచ్కా స్కీయింగ్ సూపర్-జీలోనూ, స్నోబోర్డ్ పారలల్ జెయింట్ స్లాలమ్‌లోనూ స్వర్ణాలు కొట్టింది చూసే నేను ఈ పిచ్చిలో పడ్డాను. అలాగని ఆమె సెట్టింగ్ నా బోర్డుకు తగిలిస్తే పనికొస్తుందా? అవసరానికి మించి తిప్పితే బూట్ ఎడ్జ్‌కు దూరమవుతుంది. అప్పుడు బోర్డును ఒక ఎడ్జ్ నుంచి ఇంకో ఎడ్జ్‌కు తిప్పడానికి మామూలు కన్నా ఎక్కువ బలం పెట్టాలి. తగలనంత వరకు ఎంత తక్కువ యాంగిల్ వస్తే అంత పెట్టు.

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం)
కాళ్ల దూరం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. ప్యాంటు లోపలి కొలత, అంటే గజ్జల నుంచి నేల వరకు, దాన్ని 0.6తో గుణించండి. 78 వస్తే దాదాపు 47 సెంటీమీటర్లు. ముందు డిస్క్ మధ్య నుంచి వెనక డిస్క్ మధ్యకు కొలవాలి, బూట్ల అంచుల మధ్య కాదు. ఇది మొదలుపెట్టడానికే, ఒకటి రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ జరుపుకోవచ్చు. అద్దె బోర్డుల వెడల్పాటి స్టాన్స్‌కు అలవాటు పడ్డవాళ్లు ఇక్కడా అదే పెట్టేస్తారు, అప్పుడు మోకాళ్లు కదలవు. కరణం మల్లీశ్వరి జిల్లా కదా, మా దగ్గర వెయిట్‌లిఫ్టింగ్ చేసినవాళ్లు ఎక్కువ. వాళ్లందరిదీ ఒకటే మాట: స్క్వాట్‌లో నిలబడ్డట్టే నిలబడతాం అని. పనికిరాదు బావూ. స్క్వాట్‌లో పాదాలు పక్కపక్కనే ఉంటాయి, ఇక్కడ ఒకదాని వెనక ఒకటి.

వెడ్జ్‌లు మాత్రం ఇప్పుడే వద్దు. ఫ్లాట్‌గా, అంటే అవి లేకుండానే, మొదలుపెట్టండి.

చీపురుపల్లి_టు_డెన్వర్
ఇక్కడ నాగావళి గారితో ఒప్పుకోలేను. పాదాలు 50 డిగ్రీలు దాటి తిరిగాక, వెనక మడమ కింద ఎత్తు లేకపోతే వెనక మోకాలు ఎటు వంచాలో తెలియదు. ముందు కాలికి మొన కింద కాస్త ఎత్తు, వెనక కాలికి మడమ కింద కాస్త ఎత్తు ఉంటే రెండు మోకాళ్లూ సహజంగా దగ్గరకొస్తాయి. బాంబర్ టీడీ3 అనే బైండింగ్‌లో 0, 3, 6 డిగ్రీల డిస్కులు అందుకే ఇస్తారు.

నాగావళి_ఒడ్డు
47 సెంటీమీటర్ల స్టాన్స్‌కు అంత అవసరం రాదండీ. వెడల్పు పెరిగేకొద్దీ వెడ్జ్ కావాలి, అది నిజమే. కొత్తవాడికి ఒకేసారి యాంగిల్, వెడ్జ్, బూట్ వాలు (బూట్ పై భాగం ముందుకు వంగి ఉండే కోణం) మూడూ మార్చేస్తే ఏది బాధపెడుతోందో ఎలా తెలుస్తుంది?

సోంపేట_దుబాయ్
ఇద్దరూ ఆగండి. ఇంట్లోనే తేలిపోయే విషయం ఇది. మందపాటి బొంత మీద బోర్డు పెట్టి, బూట్లు బిగించి, మోకాళ్లు వంచి కాసేపు నిలబడు. వెనక నుంచి ఎవరిచేతైనా ఫొటో తీయించుకో. వెనక మడమ పైకి లేవాలని లాగుతుంటే మడమ కింద వెడ్జ్ కావాలి. ముందు కాలి పిక్కకు బూట్ వెనక భాగం గట్టిగా ఒత్తుకుంటుంటే మొన కింద కావాలి. ఏ ఇబ్బందీ లేకపోతే ఫ్లాట్‌గా వదిలెయ్. అలాగే బూట్ వెనక ఉండే వాలు లాక్ చూడు: వెనక బూట్ ముందు బూట్ కన్నా ఎక్కువ ముందుకు వాలాలి. ఈ ఒక్కటీ సరిచేస్తే సగం వెడ్జ్ గొడవలు పోతాయి.

మా ఊరి కుర్రాళ్లం కొందరం సెలవు దొరికితే స్కీ దుబాయ్‌కి వెళ్తుంటాం. 2005లో తెరిచారు, పొడవైన వాలు 400 మీటర్లు. అంతలో కార్వింగ్ అంటే నాలుగు మలుపులు తిరిగేలోపు అయిపోతుంది, జనం కూడా అడ్డం వస్తారు. కానీ సెట్టింగ్ సరిచూసుకోవడానికి అదే బెస్ట్.

పార్వతీపురం_పానా
నేను బోర్డు ఎక్కను, బైక్ మెకానిక్‌ని. మా ఊరబ్బాయి ఇలాంటి సామాను తెస్తే బిగించి ఇచ్చాను కాబట్టి బోల్టుల సంగతి చెప్తా. అవి ఎం6. పోయిన బోల్టుకు బదులు హార్డ్‌వేర్ షాపులో దొరికిన పొడవుది పెడితే, అడుగుకు తగిలి బోర్డు కింద వైపు బొడిపె లేస్తుంది. పొట్టిదైతే రెండు మూడు మరలే పట్టి, దెబ్బకు ఊడొస్తుంది. వెడ్జ్ పెడితే బోల్ట్ కూడా ఆ మేరకు పొడవు మారాలి, ఇది చాలామంది చూసుకోరు. బోల్టులు పట్టి ఉంచే జిగురు మందులు కొన్ని ప్లాస్టిక్‌ను పగలగొడతాయి, ప్లాస్టిక్ డిస్క్ దగ్గర వాడొద్దు. చేత్తో గట్టిగా బిగించి, మొదటి రోజు మధ్యలో ఒకసారి మళ్లీ బిగించుకోండి.

రాజాం_కుర్రోడు
నాకు హార్డ్ బూట్లు దొరకలేదు. స్కీ బూట్లతో నడిచిపోతుందా?

చీపురుపల్లి_టు_డెన్వర్
ప్లేట్ బైండింగ్‌లో పడతాయి. కానీ అదే సైజుకు స్కీ బూట్ అడుగు పొడవు ఎక్కువ, కాబట్టి యాంగిల్ ఇంకా పెంచాల్సి వస్తుంది. చీలమండ అసలు వంగదు. తప్పక వాడితే పై బకిల్స్ వదులు చేసుకో.

కోట జంక్షన్ తమ్ముడూ, అన్నిటికన్నా ముఖ్యమైనది ఇప్పుడు గుర్తొచ్చింది. బావ బూట్లు ఎన్నేళ్లవి? పాత హార్డ్ బూట్ల ప్లాస్టిక్ పైకి బాగానే కనిపిస్తూ లోపల పెళుసైపోతుంది. వేడి, తేమ దాన్ని ఇంకా తొందరగా పాడుచేస్తాయి, మన కోస్తాలో రెండూ దండిగా ఉన్నాయి. అలాంటి బూట్ వాలు మీద ముక్కలైతే కాలు బైండింగ్ నుంచి ఊడిపోతుంది. బకిల్స్ బిగించి, ముందుకు బలంగా వంగి, బెయిల్ పట్టే అంచుల దగ్గరా, మడమ దగ్గరా సన్నటి పగుళ్లు ఉన్నాయేమో టార్చ్ వేసి చూడు. కనిపిస్తే బయట పారెయ్, మొహమాటం వద్దు.

కోట_జంక్షన్
చూశాను అన్నా, పగుళ్లు లేవు. తయారీ ఏడాది లోపల అచ్చు వేసి ఉంది, మరీ పాతది కాదు. మీరు చెప్పినట్టే మూలమట్టంతో కొలిచాను. ముందు 55, వెనక 52, దూరం 47. బొంత మీద నిలబడితే వెనక మడమ కొంచెం లేస్తోంది.

సోంపేట_దుబాయ్
అయితే వెనక మడమ కింద ఉన్నవాటిలో చిన్న వెడ్జ్ ఒక్కటే పెట్టు, ముందు కాలు ఫ్లాట్. పెద్ద వెడ్జ్, వాటికి సరిపడే బోల్టులు, 3వ నంబర్ స్క్రూడ్రైవర్ పెట్టెలో వేసుకెళ్లు. స్క్రూడ్రైవర్ చెక్-ఇన్ లగేజీలోనే, చేతి సంచిలో పెడితే విశాఖ ఎయిర్‌పోర్ట్‌లోనే ఆపేస్తారు.

నాగావళి_ఒడ్డు
గుల్‌మార్గ్ అంటే ఎక్కువగా పొడి మంచు పేరు. సన్న బోర్డుతో అందులోకి దిగితే కూరుకుపోతారు. గండోలా (కేబుల్ కారు) మొదటి దశ దిగాక కొంగ్‌డోరి చుట్టుపక్కల చదును చేసిన వాలు మీదే ఉదయం పూట మొదలుపెట్టండి. వెళ్లే వరకు ఎడ్జ్‌లు తుడిచి, నూనె గుడ్డ రాసి, బేస్‌కు (బోర్డు అడుగుకు) మందంగా మైనం పట్టించి ఉంచండి. మా ఇంట్లో ఒక్క వర్షాకాలానికే తుప్పు పట్టేసింది.

కోట_జంక్షన్
మైనం కరిగించడానికి ఇస్త్రీ పెట్టె అడిగితే ఇంట్లో ఇవ్వరు. పాతది ఒకటి కొంటాను.