రీలోడింగ్ బెంచ్ ఊగకుండా ఎలా కట్టాలి?

గ్యారేజ్_డాలస్:
అందరికీ నమస్తే. మేం డాలస్ దగ్గర ఉంటాం, ఏడాదిగా .308 రైఫిల్ తూటాలు ఇంట్లోనే రీలోడ్ చేసుకుంటున్నా (పేలిన ఖాళీ కేస్‌లో మళ్లీ మందు నింపి కొత్త బుల్లెట్ బిగించడం), సింగిల్ స్టేజ్ ప్రెస్ (హ్యాండిల్ లాగితే ఒక్కోసారి ఒక్క పనే చేసే యంత్రం). ఇన్నాళ్లూ పాత కంప్యూటర్ టేబుల్‌కే బిగించి నెట్టుకొచ్చా కానీ కేస్ సైజ్ చేసేటప్పుడు (మళ్లీ అసలు కొలతకి నొక్కేటప్పుడు) హ్యాండిల్ గట్టిగా కిందికి లాగితే టేబుల్ వెనక కాళ్లు లేస్తున్నాయి, దాని మీదే ఉన్న తూకం స్కేల్ రీడింగ్ కూడా కదిలిపోతోంది. పౌడర్ (తూటా మందు) తూకం దగ్గర రిస్క్ వద్దని మొత్తం ఆపేశా. గ్యారేజ్‌లో 6 అడుగుల బెంచ్ కట్టాలని ఉంది. 2×4 కలప చాలా, కాళ్లకి 4×4 వేయాలా?

చెక్కపని:
2×4 చాలు తమ్ముడూ, రెండేసి కలిపి జిగురు పెట్టి బిగిస్తే కాలు 3 బై 3.5 అంగుళాలు వస్తుంది (2×4 అంటారు గానీ అసలు కొలత 1.5 బై 3.5). పైన ముప్పావు అంగుళం ప్లైవుడ్, 4×8 అడుగుల షీట్ ఒక్కటి కొని నిలువునా సగానికి కోయించు, రెండు ముక్కలూ ఒకదానిమీద ఒకటి అంటిస్తే అంగుళంన్నర మందం. ముఖ్యమైంది ప్రెస్ ఎక్కడ పెడతావన్నది. బెంచ్ నడిమధ్య పెడితే ఎంత మందం వేసినా పలక వంగుతుంది, ముందు కాలికి ఆనుకునేలా పెట్టు. చెక్క స్క్రూలు వద్దు, అటునుంచి ఇటు బోల్ట్ దూర్చి కింద ఇనప పట్టీ వేసి నట్టు బిగించు. నిలబడి చేస్తే ఎత్తు 40 అంగుళాలు నాకు బాగా కుదిరింది. సొంతిల్లయితే వెనక పట్టీని గోడలో స్టడ్స్‌కి (లోపలి నిలువు చెక్కలకి) లాగ్ స్క్రూలతో (పొడవాటి లావు స్క్రూలు) కట్టెయ్, మామూలుగా 16 అంగుళాలకొకటి ఉంటాయి, అప్పుడిక వెనక కాళ్లు లేచే మాటే ఉండదు.

అద్దె_ఇల్లు:
మాది రెంట్ అండి, గోడకి బెజ్జం పెట్టడానికి లేదు, అందుకని కింద అర కట్టి 60 పౌండ్ల కాంక్రీట్ బస్తాలు ఆరు పెట్టా. మొదట ముందువైపు పెడితే పెద్ద తేడా రాలేదు, లేచేది వెనక కాళ్లు కదా, బస్తాలన్నీ వెనక్కి జరిపాక కదల్లేదు.

పాత_చెయ్యి:
ఒక మాట బాబూ, బెంచ్ ఎంత గట్టిగా కట్టినా స్కేల్ మాత్రం దానిమీద పెట్టకు, గోడకి వేరే చిన్న షెల్ఫ్ కొట్టి పెట్టుకో, ప్రెస్ అదురు అక్కడిదాకా రాదు. గ్యారేజ్ నేల తలుపు వైపు వాలుగా ఉంటుంది, కాబట్టి కాళ్ల కింద లెవెలింగ్ బోల్టులు వెయ్యి. ఇంకోటి, టెక్సస్ ఎండల్లో గ్యారేజ్ పొయ్యిలా ఉంటుంది, పౌడర్, ప్రైమర్లు (మందుని అంటించే చిన్న మూతలు) బెంచ్ కింద వదిలెయ్యకుండా వాటి అసలు డబ్బాల్లోనే ఇంట్లో చల్లటి చోట, పిల్లలకి అందకుండా తాళం వేసి పెట్టు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కో, సీసం ఉంటుంది.

గ్యారేజ్_డాలస్:
థాంక్స్ అన్నా, థాంక్స్ అండీ. సొంతిల్లే, గోడకే కడతా. స్కేల్‌కి వేరే షెల్ఫ్ అన్నది నాకు అసలు తట్టలేదు, శనివారం ముందు అదే కొడతా.