మొదటి ఎయిర్‌బ్రష్, కంప్రెసర్ ఎంపికలో సలహా కోరుతున్నాను

మూడేళ్లుగా 1/72 స్కేలు (అసలు పరిమాణంలో 72వ వంతు) విమాన నమూనాలకు కుంచెతోనే రంగులు వేస్తున్నాను. మొన్న పూర్తిచేసిన ఒక రెక్కను దీపం కింద ఏటవాలుగా పట్టి చూస్తే, కుంచె చారలు స్పష్టంగా కనిపించడమే కాక, విమానపు రేకుల అతుకులను చూపే సన్నటి ప్యానెల్ గీతలు రంగు పేరుకుని సగం పూడిపోయి ఉన్నాయి. ఎన్నో రాత్రుల శ్రమ అలా మరుగున పడటం చాలా బాధ కలిగించింది. అందుకే, గాలి ఒత్తిడితో రంగును సన్నగా చిమ్మే ఎయిర్‌బ్రష్ కొనాలని నిశ్చయించుకున్నాను.

మీటను నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు వచ్చే డ్యుయల్ యాక్షన్ రకం, అందులోనూ పైన గిన్నె ఉండేదే తీసుకుంటాను. దానిలో నాకు సందేహం లేదు. అయితే నేను వాడే ఆక్రిలిక్ రంగులు సూది మొన మీద త్వరగా ఆరిపోయి అడ్డుపడతాయని చదివాను కనుక, 0.4 మి.మీ. నాజిల్ (రంగు బయటికి వచ్చే రంధ్రం) తీసుకోవడం మేలా, లేక 0.3 మి.మీ. నాజిల్‌తోనే రంగును సరిగా పలచన చేయడం నేర్చుకోవడం మేలా అన్నది అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

ఎయిర్‌బ్రష్‌కు గాలిని అందించే కంప్రెసర్ గురించి నా ఆందోళన ఇంకా ఎక్కువ. ఇంట్లో అందరూ నిద్రపోయాకే పని చేస్తాను కాబట్టి శబ్దం తక్కువగా ఉండాలి. ట్యాంకు లేని కంప్రెసర్‌లో గాలి అదురుతూ వస్తుందంటారు; 15 నుంచి 20 పీఎస్ఐ ఒత్తిడితో పనిచేసేటప్పుడు ఆ అదురు నిజంగా రంగు పూతలో తెలుస్తుందా? 3 లీటర్ల ట్యాంకు, తేమను పట్టే వడపోత ఉన్నదానికి ఎక్కువ ఖర్చు పెట్టడం సబబేనా?