కాలర్ వేసుకుంటే మెడ కందుతోంది, ఏది కొనాలో చెప్పండి

మాది ఒడిశాలోని రాయగడ. నాకు 33, మా ఆయనకు 36. ఇద్దరం అన్నీ మాట్లాడుకుని ఇష్టపడే బీడీఎస్‌ఎమ్‌లోకి (ఒకరు ఆధిపత్యం చూపితే ఇంకొకరు లోబడే శృంగార పద్ధతి) వచ్చాం, అందులో భాగంగా ఆయన నా మెడకు పెట్టే పట్టీ, అంటే కాలర్, నాకు పుస్తెలతాడుతో సమానం.

మొన్న తెప్పించిన తోలు కాలర్ ఈ ఎండల్లో గంటసేపు ఉంచుకున్నానో లేదో, చెమట పట్టి, వెనక బకిల్ తగిలిన చోట రూపాయి బిళ్లంత మేర ఎర్రగా కందిపోయి ఒకటే దురద. చవక దుద్దులు పెట్టుకున్నా ఇంతే, నికెల్ పడట్లేదనుకుంటా. టైటానియం బకిల్‌వి దొరుకుతాయా, లేక లోపల మెత్తటి నూలుగుడ్డ కుట్టించుకుంటే చాలా?

రెండు వేళ్లు దూరేంత వదులు ఉంచుతాం, పడుకునే ముందు తీసేస్తాం, నేను ఆపమంటే ఆ క్షణమే తీసేస్తారు. గొలుసు తగిలించి లాగడం మాత్రం అసలు లేదు, మెడ పక్కల రక్తనాళాల మీద ఒత్తిడి పడితే మెదడుకి రక్తం అందక సెకన్లలో స్పృహ పోతుంది కదా. తాళం వేసే రకమంటే నాకు భయమే.

ఇంకోటి, ఇంట్లో అత్తయ్యగారు ఉంటారు. పగలు వేసుకోవడానికి నల్లపూసల్లా కనిపించేది, పనిలో దేనికైనా తగులుకుంటే దానంతటదే ఊడిపోయే కొక్కెంతో చేయించాలని ఉంది. ఇక్కడి ఒడియా కంసాలికి ఏమని చెప్పి చేయించుకోవాలి?