పొయ్యి దగ్గర ఒళ్ళంతా సెగలు, రాత్రయితే పక్కంతా తడి. ఏం చేయాలి?

పర్లాకిమిడి టిఫినమ్మ:

అందరికీ నమస్కారం. నాకు 48 నిండాయి. ఒడిశాలో పర్లాకిమిడిలో మాకు చిన్న టిఫిన్ కొట్టు ఉంది. పొద్దున్న పది దాకా ఇడ్లీ, వడ, ఉప్మా. మా ఆయన చట్నీలు, డబ్బులు చూసుకుంటారు. పొయ్యి నాది. 22 ఏళ్ళుగా దాని ముందే నిలబడుతున్నాను, వేడికి ఎప్పుడూ జంకలేదు.

కిందటి దసరా నుంచి నెలసరి తప్పుతూ వస్తోంది. ఒకసారి రెండు నెలలకి, ఒకసారి నాలుగు నెలలకి. సంక్రాంతి వెళ్ళాక ఈ సెగలు మొదలయ్యాయి. గుండెల మీద పుట్టి, మెడ మీదుగా చెవుల దాకా పాకుతుంది. ముఖం మండిపోతుంది, గుండె దడదడలాడుతుంది. రెండు మూడు నిమిషాలంతే. తర్వాత చెమట ధారగా కారుతుంది, అది ఆరేసరికి చలి. వడలు వేస్తున్నప్పుడు వస్తే చిల్లుల గరిటె ఆయన చేతిలో పెట్టి దొడ్లోకి పరిగెడతాను.

రాత్రిళ్ళు ఇంకా కష్టం. ఒంటిగంటకోసారి, రెండున్నరకోసారి లేచేసరికి జాకెట్టు పిండితే నీళ్ళు కారేలా ఉంటుంది. మూడున్నరకి వడపప్పు రుబ్బాలి, ఇంక పడుకునేది ఎప్పుడు? మొన్న రోజూ వచ్చే కాలేజీ కుర్రాడు ఇంకొంచెం చట్నీ అడిగితే కసిరేశాను. వాడు మాట్లాడకుండా తినేసి వెళ్ళిపోయాడు. గిన్నెలు తోముతూ ఏడ్చాను.

డాక్టరుగారి దగ్గరికి వెళ్ళకపోలేదు. ఆయన ఒడియా ఆయన. నాకు ఒడియా బాగానే వచ్చు, మా కొట్టుకి వచ్చేవాళ్ళలో సగం మంది వాళ్ళే. కానీ ఇడ్లీలు అమ్మే ఒడియా వేరు, ఈ సంగతి చెప్పే ఒడియా వేరు. మగాయన, పైగా గది నిండా జనం. ‘గరమ లాగుచి’, వేడిగా ఉంటోంది అని మాత్రం అన్నాను. ఎండాకాలం కదా అని బి కాంప్లెక్స్ రాసి పంపేశారు.

ఇక్కడ జూన్‌లో రొజొ పండగ చేస్తారు. భూమితల్లి ముట్టయిందని మూడు రోజులు నాగలి పెట్టరు, ఆడపిల్లలు ఉయ్యాలలూగుతారు. మొదలవడానికి పండగ ఉంది. ఆగిపోయేటప్పుడు ఇలా ఉంటుందని మా అమ్మ చెప్పలేదు, అత్తగారూ చెప్పలేదు. అమ్మ ఇప్పుడు లేదు, అడుగుదామన్నా.

ఇది ఎన్నాళ్ళుంటుంది? మందుందా? హార్మోన్ మాత్రలు వేసుకుంటే కాన్సర్ వస్తుందని మా వీధిలో అంటున్నారు, నిజమేనా?

గుణుపురం టీచరమ్మ:

చెల్లీ, ఆ చిల్లుల గరిటె మాట చదివి నా సుద్దముక్క గుర్తొచ్చింది. బోర్డు మీద లెక్క సగంలో ఉండగా వచ్చేది. పిల్లలకి వెన్ను చూపించి అలాగే నిలబడిపోయేదాన్ని. ఇప్పుడు నాకు 57.

నేను చేసిన మంచి పని ఒకటే. పాత లెక్కల పుస్తకం వెనక పేజీల్లో రెండు వారాలు రాసుకున్నాను, ఎప్పుడు వచ్చింది, అంతకుముందు ఏం తిన్నాను, ఏం తాగాను అని. నా విషయంలో దొంగలు రెండు దొరికారు: పొగలు కక్కే టీ, రాత్రిపూట కారంగా వండిన ఎండుచేపల కూర. టీ మానలేదు, చల్లార్చి తాగాను. ఎండుచేపలు మధ్యాహ్నానికి మార్చాను. నీ దొంగలు వేరే ఉండొచ్చు, రాసి చూడు.

పక్క సంగతి. పాలిస్టర్ నైటీ వేసుకోకు. మెత్తబడిన పాత నూలు చీరలు రెండు మడిచి ఒకదాని మీద ఒకటి పరువు. పైది తడిస్తే లాగి కింద పడేసి రెండో దాని మీద పడుకోవడమే, దీపం వెయ్యక్కర్లేదు. తలగడ పక్కన ఇంకో పొడి జాకెట్టు, మరచెంబులో చల్లటి నీళ్ళు, కరెంటు పోయినప్పటికి తాటాకు విసనకర్ర. పూర్తిగా మెలకువ వచ్చిందంటే మళ్ళీ నిద్ర పట్టదు, అందుకే అన్నీ చేతికందేలా పెట్టుకోవాలి.

చోడి అంబలి, అదే రాగి అంబలి, రోజూ తాగు. సెగలు తగ్గుతాయని అబద్ధం చెప్పను. ముట్లుడిగాక ఎముకలు పలచబడతాయి, చోళ్ళలో కాల్షియం ఎక్కువ, అందుకని.

బరంపురం రిటైర్డ్ సిస్టర్:

అమ్మా, 31 ఏళ్ళు సర్కారీ ఆసుపత్రుల్లో పనిచేశాను, అందులో ఎక్కువ కాలం ఆడవాళ్ళ వార్డులోనే. నువ్వు చెప్పింది అచ్చంగా మెనోపాజ్, అంటే ముట్లుడగడం, దగ్గరపడేటప్పుడు వచ్చే ఆవిర్ల లాగే ఉంది. అయినా పరీక్షలు చేయించకుండా అదేనని అనుకోవద్దు.

ఒంటి వేడిని అదుపులో పెట్టే చోటు మెదడులో హైపోథాలమస్. అండాశయాలు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తయారుచేయడం తగ్గిస్తే ఆ చోటు అతిసున్నితమవుతుంది. కొంచెం వేడికే ఒళ్ళు కాలిపోతోందనుకుని చర్మం కింది రక్తనాళాలు విప్పేస్తుంది, చెమట పట్టిస్తుంది. నీ ముఖం మంట, ఆ తర్వాతి చలి అదే. నీ పిరికితనమూ కాదు, నరాల బలహీనతా కాదు.

ఎన్నాళ్ళంటే మనిషి మనిషికీ తేడా. తరచుగా ఆవిర్లు వచ్చే ఆడవాళ్ళని అమెరికాలో ఏళ్ళ తరబడి గమనించి 2015లో లెక్క చెప్పారు, సగం మందికి 7.4 ఏళ్ళు దాటి ఉన్నాయట. భయపెట్టాలని చెప్పడం లేదమ్మా. రెండు నెలలు ఓర్చుకుంటే పోతుందిలే అనుకుని నిద్ర మానుకోవద్దని చెబుతున్నాను.

ముందు థైరాయిడ్ పరీక్ష, సుగరు, హిమోగ్లోబిన్, బీపీ చూపించుకో. థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే దడ, చెమట వస్తాయి. ఇంకోటి, మన వైపు మరీ ముఖ్యం: రాత్రి చెమటలతో పాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే కఫం పరీక్ష చేయించాలి, అది టీబీ కావచ్చు. సర్కారీ ఆసుపత్రిలో ఉచితం. చలీ జ్వరమూ కలిసి వస్తే మలేరియాకి రక్తం చూడాలి. పూర్తిగా 12 నెలలు నెలసరి రాకుండా ఉంటేనే ఆగిపోయిందని లెక్క, అప్పటిదాకా గర్భం వచ్చే వీలు కూడా ఉంటుంది. అలా ఆగాక మళ్ళీ ఒక్క చుక్క కనబడినా వెంటనే చూపించుకోవాలి.

హార్మోన్ల భయం 2002లో అమెరికా పెద్ద పరిశోధన నుంచి వచ్చింది. అందులో చేరినవాళ్ళ సగటు వయసు 63. రెండు హార్మోన్లు కలిపి వాడినవాళ్ళలో ఏడాదికి 10,000 మందిలో సుమారు 8 మందికి అదనంగా రొమ్ము కాన్సర్ వచ్చింది. అంటే భయం పూర్తిగా ఉత్తిది కాదు, వీధిలో అనుకునేంతా కాదు. 60 ఏళ్ళ లోపు, లేదా ముట్లుడిగిన పదేళ్ళ లోపు ఉన్న ఆరోగ్యవంతులకి లాభమే ఎక్కువని ఇప్పుడు వైద్యుల మాట. ఆవిర్లకి అంతకు మించిన మందు లేదు. రొమ్ము కాన్సర్ వచ్చినవాళ్ళు, రక్తం గడ్డలు, పక్షవాతం, లివర్ జబ్బు ఉన్నవాళ్ళు వాడకూడదు. గర్భసంచి ఉన్నవాళ్ళు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడకూడదు, ప్రొజెస్టరాన్ అనే రెండో హార్మోన్ తోడుండాలి. హార్మోన్ వద్దంటే వెన్లాఫాక్సిన్, రాత్రి చెమటలకి గాబాపెంటిన్ లాంటివీ డాక్టర్లు రాస్తారు. మెడికల్ షాపులో అడిగి కొనుక్కోవద్దు.

ఇక ఒడియా సంగతి. ‘మాసిక బంద హేఉచి, రాతిరే ఝాళ బోహుచి’ అను, నెలసరి ఆగిపోతోంది, రాత్రి చెమట కారుతోంది అని. సిగ్గనిపిస్తే మెనోపాజ్ అన్న ఒక్క మాట చాలు, ఏ భాష డాక్టరుకైనా తెలుస్తుంది. ఆడ డాక్టరు కావాలని అడిగే హక్కు నీకుంది.

జయపురం నుంచి ఒక భర్త:

ఆడవాళ్ళ మాటల మధ్యకి వచ్చినందుకు ఏమీ అనుకోవద్దమ్మా. మా ఇంటావిడకి మూడేళ్ళయింది ఇవి మొదలై. మొదటి ఏడాది అంతా నా మీద కోపమనుకున్నాను. నేను ఫాను తగ్గిస్తే ఆమె పెంచేది, దాని మీద రోజూ గొడవే. ఒక రాత్రి ఆమె వీపు మీద చెయ్యి వేస్తే చొక్కా ఉతికినట్టు తడి. అప్పటిదాకా నేను చెయ్యి వేసి చూడలేదు. ఆ సంగతి ఇప్పటికీ గుచ్చుతుంది. ఫాను ఆమె వైపు తిప్పి నేను దుప్పటి కప్పుకుంటున్నాను. మీ ఆయన్ని మూడున్నర గ్రైండరు పని తీసుకోమనండి. మీరు అడగండి, మాకు వాటంతటవి తోచవు.

సిరొంచ అక్క:

నేను మహారాష్ట్ర దిక్కు, ప్రాణహిత ఒడ్డుకు ఉంట. నాకిప్పుడు 41. నా 36వ ఏట కడుపునొప్పని పోతే గర్భసంచి తీసేసిన్రు. అండాశయాలు గూడ తీసిన్రని ఇంటికొచ్చినంక కాయితం చదివిపిచ్చుకుంటె తెల్సింది. ఆస్పత్రి మంచం మీద ఉండంగనే ఆవిర్లు షురువైనయ్. ఇన్ఫెక్షన్ జ్వరం అన్కున్న. మూడేండ్లు ఎవ్వలకు చెప్పలె. పత్తి ఏరంగ చెట్టు కింద కూసుంటె పని దొంగ అన్నరు.

ఆఖరికి ఒక పెద్ద డాక్టరమ్మ ఎముకల స్కాన్ తీపిచ్చింది. నా ఎముకలు ముసలామె లెక్క పలచబడ్డయంట. గింత చిన్న వయసుల ఆగితె 50 దాంక హార్మోన్ ఇచ్చుడే మంచిదని రాసింది. గర్భసంచి లేదు గదా, నాకు ఈస్ట్రోజెన్ ఒక్కటే. నెల రోజులల్ల నిద్ర పట్టింది. ఆపరేషన్ అన్న మాట వచ్చిన చెల్లెండ్లు ఒక్కటి అడుగుండ్రి: అండాశయాలు ఉంచుతరా, తీస్తరా, ఎందుకు? సంతకం పెట్టకముందే అడగాలె. నన్ను అడగనియ్యలె.

పర్లాకిమిడి టిఫినమ్మ:

నెల దాటింది, చెప్పకపోతే తప్పు. కొట్టు రెండు రోజులు మూసి ఆయనా నేనూ బరంపురం వెళ్ళి ఆడ డాక్టరుకి చూపించుకున్నాం. సిస్టరమ్మా, మీ ఒడియా మాటలు చీటీ మీద తెలుగులో రాసుకెళ్ళాను. ఆవిడ చీటీ తీసుకుని నవ్వి, తనకి కొంచెం తెలుగు వచ్చని చెప్పారు. థైరాయిడ్, సుగరు బాగానే ఉన్నాయి. హిమోగ్లోబిన్ 9.4, దానికి ఐరన్ ఇచ్చారు. హార్మోన్ సంగతి మూడు నెలల తర్వాత మాట్లాడదామన్నారు, మా పెద్దమ్మకి రొమ్ము కాన్సర్ వచ్చిందని చెప్పాను కాబట్టి. ప్రస్తుతానికి రాత్రికి గాబాపెంటిన్ ఒకటి.

మూడుసార్లు లేచేదాన్ని ఇప్పుడు ఒకసారే లేస్తున్నాను. చీరలు రెండూ పరుస్తున్నాను. పప్పు ఆయన రుబ్బుతున్నారు, వడ కొంచెం గట్టిగా వస్తోంది కానీ ఎవరూ ఏమీ అనలేదు. సిరొంచ చెల్లీ, నీ మాట చదివాక మా ఆడపడుచుకి ఫోన్ చేశాను, ఆమెకి గర్భసంచి తీయాలంటున్నారు.

ఆ కుర్రాడు మళ్ళీ వచ్చాడు. ఆ రోజు ఒంట్లో బాగోలేదు బాబూ అని చెప్పాను.

సిస్టరమ్మా, ఒక్కటి అడగాలి. పొద్దున్న నాలుగున్నరకి నూనె ముందు నిలబడితే తల కొంచెం తూలుతోంది. మాత్ర మానేయనా?

బరంపురం రిటైర్డ్ సిస్టర్:

నీ అంతట నువ్వు ఆపేయకు. మొదట్లో చాలామందికి అలా ఉండి సర్దుకుంటుంది. కానీ మరిగే నూనె ముందు తూలడం చిన్న సంగతి కాదు, ఈ రోజే డాక్టరమ్మకి ఫోన్ చేసి చెప్పు. మోతాదు గానీ, వేసుకునే వేళ గానీ ఆవిడే మారుస్తారు. అది తేలేదాకా ఇడ్లీ, ఉప్మా చాలు. వడలు ఆయన్ని వేయమను, లేదా మానేయండి.